బాడిస, చిత్రిక, ఒక బ్యాటు

క్రికెట్ బ్యాటును సొంతంగా చెక్కుకోవాలనే ఆలోచన వచ్చిన వాడు మొట్టమొదట చేసే పని పనిముట్ల చిట్టా రాసుకోవడం. ఆ చిట్టాలో పైన కరెంటు గ్రైండరు ఉంటుంది. దాని కింద పరదేశపు చిత్రిక, ఆ కింద నగిషీ పిడుల ఉలుల పెట్టె. నేనూ సరిగ్గా అట్లాగే రాసుకున్నాను. ఆ చిట్టా ఎంత తప్పో తెలియడానికి నాకు ఒక మంచి విల్లో చెక్క ఖర్చయింది. మీకు ఆ ఖర్చు తప్పితే తప్పించవచ్చునని ఈ నాలుగు మాటలు.

నా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాను. బ్యాటు చెక్కడానికి ఎంచుకోవలసింది వేగంగా కోసే పనిముట్టును కాదు, సమయానికి ఆగనిచ్చే పనిముట్టును. అటువంటివి చాలావరకు మన ఊరి వడ్రంగి సంచిలో ఇప్పటికీ ఉన్నాయి. లేనివి ఒకటి రెండు మన ఊరి కొలిమిలోనే తయారవుతాయి.

మాది జనగామ వైపు. తాటిచెట్లకు కరువు లేని ప్రాంతం. మా చిన్నతనంలో మొదటి బ్యాటు తాటిమట్టే. మట్ట మొదలును కొడవలితో రెండు వైపులా చెక్కి, చేతికి గుచ్చుకోకుండా అంచుల పండ్లు తీసేస్తే ఆట మొదలయ్యేది. ఆ మట్ట ఎండి, చీలి, పనికిరాకుండా పోయేసరికి వేసవి సెలవులూ అయిపోయేవి. రెండో బ్యాటు కోసం మాత్రం వడ్లాయన వాకిట్లో నిలబడవలసి వచ్చేది (వడ్రంగిని మా వైపు అట్లాగే పిలుస్తాం). ఆయన నాగళ్ళ పనీ, దర్వాజల పనీ పూర్తయ్యాక, మిగిలిన టేకు ముక్కనో వేప ముక్కనో మొద్దు మీద పెట్టి బాడిసతో చెక్కి ఇచ్చేవాడు. డబ్బులు తీసుకున్న గుర్తు లేదు. ఆ బ్యాటు బరువు మాత్రం ఇప్పటికీ భుజానికి గుర్తుంది.

ఎందుకంత బరువు? జవాబు చెక్కలోనే ఉంది. బ్యాట్లకు వాడే విల్లో ఘనపు మీటరుకు సుమారు 400 నుండి 450 కిలోలు తూగుతుంది. టేకు 650 దాకా వస్తుంది. అంటే విల్లోతో చేస్తే కిలో 200 గ్రాములుండే బ్యాటును అదే ఆకారంలో టేకుతో చేస్తే కిలో 800 దరిదాపుల్లో తేలుతుంది. అందుకే మా వడ్లాయన బ్యాటుకు వెన్ను ఉండేది కాదు. వెన్ను ఉంచితే పిల్లలు ఎత్తలేరు. ఆయన దానిని పలకలా పలుచన చేసేవాడు. మరి తేలిక చెక్క వాడవచ్చు కదా అంటారేమో! నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చాలా తేలిక, కానీ అంతే మెత్తన. బొమ్మకు గుణమైనది బ్యాటుకు దోషమవుతుంది. తేలికతనమూ, దెబ్బకు నలగని గుణమూ ఒకే చెక్కలో దొరకడం అరుదు గనుకనే విల్లోకు అంత గిరాకీ.

ఇక నా చెక్క కథ. మా తమ్ముని కుటుంబం భూపాలపల్లిలో ఉంటుంది. తమ్ముని పెద్దకొడుక్కి పదిహేనేళ్ళు. కిందటేడు సెలవులకు వెళ్ళినప్పుడు తన కాశ్మీరు విల్లో బ్యాటు తెచ్చి నా చేతిలో పెట్టి, "పెద్దనాయినా, ఇది బరువైతాంది. ఎనుక పక్క కొంచెం తీపియ్యవా?" అన్నాడు. తీయించడమెందుకు, నేనే తీస్తానన్నాను. గ్రైండరుకు గరుకు బిళ్ళ తగిలించి వెన్ను మీద పెట్టాను. పదో పన్నెండో క్షణాలు. చెక్క కాలిన వాసన వచ్చింది. చూస్తే బంతి తగిలే చోటుకు సరిగ్గా వెనక వెన్నులో గుంట పడింది. ఎక్కడ బరువు ఉండాలో అక్కడే తీసేశాను. పిల్లవాడు ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

ఆ బ్యాటు పట్టుకుని మానుకోట వెళ్ళాను. మహబూబాబాదును మేమింకా అట్లాగే అంటాం. అక్కడ మా అత్తగారి వాడలో ఒక పెద్ద వడ్రంగి ఉన్నాడు. ఇప్పుడు చేసేది ఎక్కువగా రెడీమేడ్ తలుపులు బిగించే పని. బ్యాటును తిప్పి చూసి, గుంటలో బొటనవేలు పెట్టి, ఆయన అన్న మాట ఇది: "అయ్యా, మా పనిముట్లు తీసేటివే, పెట్టేటివి కావు. తీసిన చెక్కను మళ్ళ ఎవలు పెడ్తరు?"

ఆ మాటకు తోడు ఆయన మధ్యాహ్నం నుండి పొద్దుగూకే దాకా చూపించిన పని వల్ల నా చిట్టా పూర్తిగా మారిపోయింది. ఆయన చూపినది, తరువాత నేను చేసి తెలుసుకున్నది కలిపి చెబుతాను.

మొదటి పనిముట్టు కోసేది కాదు, కొలిచేది. 1771లో ఇంగ్లాండులో ఒక ఆటగాడు వికెట్లంత వెడల్పు బ్యాటుతో బరిలోకి దిగాడు. ఆ తరువాత వెడల్పుకు నాలుగుంపావు అంగుళాల హద్దు పెట్టారు. 250 ఏళ్ళు దాటినా ఆ హద్దు మారలేదు. 2017 అక్టోబరు నుండి మందానికీ హద్దులు వచ్చాయి. బ్యాటు పొడవు 96.52 సెంటీమీటర్లు, వెడల్పు 10.8, వెన్ను దగ్గర మందం 6.7, అంచు మందం 4 సెంటీమీటర్లు మించరాదు. ప్లైవుడ్ ముక్కలో ఈ కొలతల సందు కోసి పెట్టుకుంటే బ్యాటును అందులో జరిపి చూసుకోవచ్చు. దానికి తోడు ఒక మూలమట్టం, ఒక కర్కాటకం, ఒక పెన్సిలు, కూరగాయల కాటా. వీటికయ్యే ఖర్చు గ్రైండరు ఖర్చు కన్నా తక్కువే.

రెండోది బాడిస. దీనిని మోటు పనిముట్టని తీసిపారేసే వాళ్ళున్నారు. మోటుతనం పట్టిన చేతిలో ఉంటుంది గానీ బాడిసలో కాదు. ముడి చెక్క నుండి బ్యాటు రూపం రాబట్టడానికి దానికి మించినది లేదు. అయితే పెన్సిలు గీతకు వేలెడు దూరంలో బాడిస ఆగిపోవాలి. ఆపైన దాని దెబ్బ చెక్క పోగులోకి చొచ్చుకుపోయి, మీరు తీయదలచని చోట కూడా చీల్చుతుంది. పైగా ఇప్పటికే రూపం వచ్చిన బ్యాటుకు బరువు తగ్గించాలంటే బాడిస అవసరమే లేదు. దాన్ని సంచిలోనే ఉంచాలి.

మూడోది మన సంచుల్లో సాధారణంగా కనబడనిది: రెండు పిడుల కత్తి. ఇంగ్లీషు వాళ్ళు డ్రా నైఫ్ అంటారు. రెండు చేతులతో పట్టుకుని తమ వైపు లాగుతారు. ఇంగ్లాండులో చేతిపని బ్యాట్ల వారు వెన్ను తీర్చేది ప్రధానంగా దీనితోనే. ఇందులో గొప్పదనం ఏమిటంటే, చెక్క పోగు ఎటు తిరుగుతున్నదో రెండు మణికట్లకూ తెలిసిపోతుంది. కత్తి లోపలికి దిగబోతుంటే లాగడం ఆపి, బ్యాటు తిప్పి అవతలి వైపు నుండి రావాలి. సూత్రం ఒక్కటే: ఎత్తు నుండి పల్లానికి చెక్కాలి. వెన్ను ఎత్తుగా ఉన్న చోట మొదలుపెట్టి ఒకసారి కింది అంచు వైపు, ఒకసారి భుజాల వైపు. పల్లం నుండి ఎత్తుకు వస్తే పోగు లేచి చీలుతుంది. గ్రైండరుకు ఈ తేడా తెలియదు. అది పోగును కోయదు, అరగదీస్తుంది. కాబట్టి చెక్క మనకు చెప్పే మాట మన దాకా రాదు.

నాలుగోది చిత్రిక. మా వైపు రంద అంటాం. వెన్నుకు ఇరుపక్కల వాలును నున్నగా తీర్చడానికి చిన్న రంద చాలు. ఇనుప ఒంటిదే కావాలనే పట్టుదల అక్కర్లేదు, కొయ్య ఒంటిదైనా ఆకు పదునుగా ఉండి, కాగితమంత పొర తీసేటట్టు బిగిస్తే సరిపోతుంది. ఒక్క హెచ్చరిక మాత్రం మరువవద్దు. బ్యాటు ముఖం మీద చిత్రిక పెట్టకండి. కొన్న బ్యాటు ముఖాన్ని కర్మాగారంలో రోలరు కింద పెట్టి అదిమి ఉంటారు. ఆ గట్టి పొర పలుచనిది. దాన్ని తీసేస్తే బంతి దెబ్బకు మెత్తని చెక్క బయటపడుతుంది. తీసేదేదైనా వెనక నుండే.

ఐదోది ఆకురాయి, ముతకది ఒకటి, సన్ననిది ఒకటి. భుజాల వంపుకూ, పిడి బ్యాటులోకి దిగే చోటుకూ ఇవే. చివరగా గాజుపెంకు. మానుకోట పెద్దాయన గరుకు కాగితం కంటే ముందు పగిలిన గాజుపెంకు అంచుతో గీశాడు. పొర పొరగా లేచి, చెక్క అద్దంలా తేలింది. ఆ పైన పలుచగా అవిసె నూనె.

ఇంతే. పెద్ద చిట్టా ఏమీ కాదు. కానీ వీటన్నిటికంటే ముందు కొనవలసింది ఇంకొకటి ఉంది: మంచి సానరాయి. మొద్దుబారిన రంద కన్నా ప్రమాదకరమైనది లేదు. పదును లేనప్పుడు మనం బలం పెడతాం, బలం పెట్టినప్పుడు చెయ్యి ఆగదు. పనిముట్లు కొనడానికి వెయ్యి రూపాయలే ఉంటే మూడు వందలు సానకు పెట్టమని నా సలహా.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. "మీరట్‌లో యంత్రాలు లేవా? కాశ్మీరు కర్మాగారాల్లో యంత్రాలు తిరగడం లేదా? ఇంకా బాడిస అంటారేమిటి?" అని. న్యాయమైన ప్రశ్నే. వంద బ్యాట్లు ఒకే తీరున రావాలంటే యంత్రమే కావాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఒక పిల్లవాడి చేతికి, ఒక ఒంటి బలానికి, ఒక ఆటతీరుకు ఒక బ్యాటు తీర్చడం వేరే పని. అక్కడ ప్రతి పది పొరలకూ ఆగాలి, కాటాలో పెట్టాలి, వేలి మీద నిలబెట్టి తూకం ఎటు వాలుతున్నదో చూడాలి, కొయ్య సుత్తితో తట్టి విని మళ్ళీ మొదలుపెట్టాలి. మన మూడు జిల్లాల మైదానాల్లో ఎక్కువగా ఆడేది టెన్నిస్ బంతితో. ఆ బంతికి దళసరి బ్యాటు కంటే చేతికి ఒదిగే బ్యాటు ముఖ్యం. తీయడంలోని శక్తిని తక్కువగా చూడకండి. 1983లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద న్యూజిలాండు ఆటగాడు లాన్స్ కెయిర్న్స్ ఆరు సిక్సర్లు కొట్టిన బ్యాటుకు భుజాలే లేవు. ఆ చెక్కను తీసేసి, బరువును కావలసిన చోట ఉంచుకున్నారు.

అన్నట్టు, ఆ రెండు పిడుల కత్తి ఎక్కడ దొరికిందో చెప్పలేదు కదూ! కొనలేదు. భూపాలపల్లి దగ్గర ఒక పల్లెలో కమ్మరి కొలిమికి పోయి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. ఆయన పాత లారీ కమాను పట్టా ముక్క తీసి, కాల్చి, సాగదీసి, రెండు చివరలా తోకలు వంచి, పదును పెట్టి ఇచ్చాడు. పిడులు మానుకోటలో బిగించుకున్నాను. "ఇది దేనికి బిడ్డా?" అని అడిగాడు. బ్యాటుకు అన్నాను. "కమ్మరోనికి బ్యాటు పనిగూడ వచ్చెనా!" అని నవ్వాడు. ఆ నవ్వులో వేళాకోళం లేదు, సంతోషమే ఉంది.

నా అభిప్రాయానికి అసలు కారణం ఆ నవ్వే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11 దాకా ఒకే వరంగల్ జిల్లా. నాగలి పోయింది, బండి పోయింది, వాటితో పాటు బాడిసకూ కొలిమికీ పని పోయింది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగికీ కమ్మరికీ పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇ-వోచరు ఇస్తామన్నారు. మంచిదే. కానీ పనిముట్టు ఇవ్వడం వేరు, పనిముట్టుకు పని ఇవ్వడం వేరు. రెండోది ప్రభుత్వం కన్నా మనం తేలికగా చేయగలం. ఊరి పిల్లల బ్యాటు సరిచేయడానికి గ్రైండరు తీసే ముందు ఒక్కసారి వడ్రంగి గడప తొక్కితే చాలు.

చివరికి ఆ బ్యాటు ఏమైందంటారా? పెద్దవాడికి పనికిరాలేదు. గుంట పడిన చోటును కిందికి కోసి, అంచులు తగ్గించి, భుజాలు తీర్చి, మానుకోట పెద్దాయన దాన్ని తమ్ముని చిన్నకొడుక్కి సరిపోయే చిన్న బ్యాటు చేశాడు. ఎనిమిదేళ్ళ వాడు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాడట. పెద్దవాడికి కొత్తది కొన్నాం. అదీ కొంచెం బరువే. ఈసారి సెలవుల్లో వాడే తీసుకుంటానన్నాడు. కత్తి వాడి చేతికిచ్చి, నేను పక్కన కూర్చుని, పది పొరలకొకసారి "ఆగు" అనడం ఒక్కటే చేశాను. మూడు రోజుల్లో డెబ్బై గ్రాములు తగ్గింది. నాలుగో రోజు నేను చెప్పకముందే ఆగి, బ్యాటు ఎత్తి గాలిలో ఒకసారి తిప్పి, "ఇగ చాలు పెద్దనాయినా" అన్నాడు.

మీ ఊళ్ళో బాడిస పట్టే చెయ్యి ఇంకా ఉందా? ఉంటే ఆ చేతికి చివరిసారి పని చెప్పింది ఎప్పుడో ఒకసారి గుర్తు చేసుకోండి.