సీరియళ్ల నుంచి మాహిష్మతి దాకా

శంషాబాద్ దగ్గర నర్కుడలోని అమ్మపల్లి రామాలయం పేరు తెలియని ప్రేక్షకుడు కూడా ఆ గోపురాన్నీ కోనేటినీ ఏదో ఒక తెలుగు సినిమాలో చూసే ఉంటాడు. విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లకు షూటింగులు కొత్త కాదు. కానీ యూనిట్ వచ్చి వెళ్లిపోవడం వేరు, ఒక స్వతంత్ర నిర్మాణ సంస్థ నిలదొక్కుకోవడం వేరు. ఆ రెండోది చూడాలంటే ఆర్కా మీడియా వర్క్స్‌ను గమనించాలి. 2001లో శోభు యార్లగడ్డ, ప్రసాద్ దేవినేని స్థాపించిన ఈ సంస్థ ముందు బుల్లితెర మీద పని నేర్చుకుంది. రోజూ ఎపిసోడ్ అందించాల్సిన చోట ఖర్చు, గడువు రెండూ అదుపులో ఉండి తీరాలి. 2010లో ఐదు జీవితాలను అల్లిన ‘వేదం’, సునీల్ హీరోగా ‘మర్యాద రామన్న’ సినిమాలు వచ్చాయి. 2015, 2017లలో రెండు భాగాల ‘బాహుబలి’ దేశమంతా ఆడింది. అయితే సంస్థ అసలు తెలివి వసూళ్లలో లేదు, కథ హక్కులను తన చేతిలో ఉంచుకోవడంలో ఉంది. అందుకే ‘బాహుబలి’లోని మాహిష్మతి రాజ్యం కథ యానిమేషన్ సిరీస్‌గా మారింది, 2025లో రెండు భాగాలూ కలిసి ఒకే సినిమాగా మళ్లీ థియేటర్లకొచ్చాయి. మధ్యలో 2020లో ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ లాంటి చిన్న కథకూ చోటు దొరికింది. కానీ సీరియల్ తీసే చిన్న నిర్మాతకు ఈ వీలు ఉండదు. సాధారణంగా ఎపిసోడ్ డబ్బులే దక్కుతాయి, హక్కులు చానల్‌కు పోతాయి. స్థలాలు, రాయితీల గురించి ఇంత మాట్లాడే పరిశ్రమ పెద్దలు ముందు హక్కులు చానల్‌కు పోయే ఈ ఒప్పందాల సంగతి తేల్చాలి.