చెరువు జాడ

హైదరాబాదునకు పడమట, లింగంపల్లికి చేరువలో తెల్లాపూర్ అను ఊరు కలదు. కొన్ని దశాబ్దముల క్రిందట అది పొలముల నడుమ నొదిగిన పల్లె. హైటెక్ సిటీ పెరుగుటతో అచ్చట ఆకసము నంటు మేడలు వెలసినవి. 2018లో ఆ పల్లె పురపాలక సంఘ మయ్యెను.

ఈ ప్రాంతమున చెరువులు గొలుసుకట్టుగా నుండును. ఎగువ చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు వాగు వెంట దిగువ చెరువును చేరును. నడుమ నొక్క కాలువ పూడినను నీరు ఇండ్లలో చొరబడును. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు హైదరాబాదులో ఎన్నియో కాలనీలు మునుగుటకు ఇదియు నొక కారణము.

పూర్వ మెచ్చట చెరువుండెనో తెలిసికొనుటకు నేడు ఉపగ్రహములు తోడ్పడుచున్నవి. 1988 మార్చి 17న మన దేశపు ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహము నింగి కెగసెను. బాలానగరులోని జాతీయ దూర సంవేదన కేంద్రమువారు ఇట్టి ఉపగ్రహముల చిత్రములను పరిశీలించుచుందురు. కంటికి కనబడని పరారుణ కిరణములను నీరు పీల్చుకొనును, పచ్చని ఆకులు వెనుకకు మరలించును. కావున ఆ చిత్రములలో నీరు నల్లగాను, పైరు ఎఱ్ఱగాను కనబడును. పైరు ఎఱ్ఱగా నుండుటయా యని నవ్వకుడు! కనబడని వెలుగును చూపుటకు శాస్త్రజ్ఞు లెన్నుకొనిన రంగది.

అయినను, ఒక్క చిత్రమును చూచి తీర్పు చెప్పువారితో నేను ఏకీభవింపను. మే నెలలో ఎండిన చెరువు బీడువలె తోచును. గుఱ్ఱపుడెక్క కమ్మిన చెరువో, పైరువలె ఎఱ్ఱగా కనబడి మోసగించును. వానలు వెనుకబట్టిన పిదప తీసిన పలు సంవత్సరముల చిత్రములను ఒకదానిపై నొకటి పఱచి చూడవలెను. సర్వే ఆఫ్ ఇండియావారి పాత పటములతోను, ఊరి నక్షాతోను సరిపోల్చవలెను. శిఖము ఎంతవఱకో ఎఱిగిన వృద్ధ రైతులను, చేపలు పట్టువారిని అడుగవలెను. ఉపగ్రహమున కంతటి జ్ఞాపకము లేదు.

2024లో ఏర్పడిన హైడ్రా యను సంస్థ చెరువులలోని కట్టడములను తొలగింప మొదలిడెను. చెరువు నిలువవలసినదే. కాని అప్పుచేసి ఇల్లు కొనిన కుటుంబమునకు, గోడ కూలునాడు పటము చూపిన నేమి ఫలము? కొనుటకు ముందే దానిని చూపవలెను. ప్రతి రిజిస్ట్రేషను కార్యాలయపు గోడపైనను ఆ పటము తెలుగులో, సర్వే నంబర్లతో వ్రేలాడవలెను. నిండు చెరువు నీరెంతవఱకు నిలుచునో తెలుపు గీత అందు ముసలివారి కంటికిసైతము ఆనునంత లావుగా నుండవలెను.