మానుకొన్న తల్లికి మర్యాద

తెలుగులో 'త్రాగుబోతు' అను మాటకు స్త్రీపురుష భేదము లేదు. 'తిండిపోతు' వలె అదియు ఇరువురకును చెల్లును. అయినను ఆ మాట వినినంతనే మన మనస్సులో మెదలునది పురుషుడే. స్త్రీ ఆ కథలో దెబ్బలు తినిన భార్యగానో, పుస్తెలు తాకట్టు పెట్టిన తల్లిగానో కనిపించును. త్రాగినది ఆమెయే యైనచో మన కథలలో ఆమెకు చోటు లేదు. ఆమె త్రాగుట మానుకొన్నచో, గౌరవముగా పిలుచుటకు వాడుకలో ఒక పేరైనను లేదు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదునైదేండ్లు నిండిన స్త్రీలలో మద్యము పుచ్చుకొందుమని చెప్పినవారు ఆంధ్రప్రదేశములో నూటికి 0.5, తెలంగాణములో 6.7. పురుషుల లెక్క వరుసగా 23.3, 43.3. పల్నాటికిని నల్లగొండకును నడుమ నున్నది కృష్ణానది. ఆవలి యొడ్డున పండుగనాడు ఆడువారు కల్లు పుచ్చుకొనుట పలుచోట్ల ఆచారము. ఈవలి యొడ్డున అదియే అపకీర్తి. ఆ సగటున చూచిన, ముప్పాళ్ళ వంటి యూరిలో రెండువందల మంది స్త్రీలకు అట్టివారు ఒక్కరు. సంఖ్య స్వల్పమే, కావుననే ఆమె ఒంటరితనము అధికము.

ఆమె నలుబది దాటిన గృహిణి యనుకొందము. మిరపకోతలకు వంగి వంగి నొచ్చిన నడుము, అత్తవారింటికి వెళ్ళిన కూతురు, పట్నము చేరిన కొడుకు, నిద్రపట్టని రాత్రి. నొప్పికి మందుగా మొదలైన గ్రుక్క అలవాటగును. ఇరువదేండ్లు 'ఫలానావాని తల్లి'గా బ్రతికిన యామెకు, ఆ పిలుపు దూరమైనపుడు తానెవరో తనకే తోచదు. ఆ శూన్యములో త్రాగుడు కాపురము పెట్టును. పైగా స్త్రీ శరీరములో నీటిపాలు తక్కువ. పురుషునితో సమముగా పుచ్చుకొన్నను ఆమె రక్తములో మద్యము పాలు హెచ్చును, కాలేయము త్వరగా చెడును.

పిలుపు మారిన మనిషి మారుట ఆంధ్రదేశము ఒకమారు చూచినది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగెను. కూలినాలి చేసికొను స్త్రీలు రాత్రిబడికి వచ్చిరి. అక్షరములతోపాటు తమ బ్రతుకులను గూర్చి మాటాడుకొనుట నేర్చిరి. ఆ మాటలు సారా దుకాణముపైకి మరలెను. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలగువారు దుకాణమును మూయించిరి. 1992లో ఆ పోరాటము జిల్లాయంతట వ్యాపించి సారా వేలములను అడ్డగించెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. చట్టము వచ్చినది, పోయినది. కాని నిన్నటిదాక 'త్రాగుబోతు పెండ్లాము' అనిపించుకొన్న యామె సభలో లేచి తన మాట తాను చెప్పినది. ఆ మార్పును ఏ ప్రభుత్వమును రద్దు చేయజాలదు.

అయితే ఆ తల్లులు ఎదిరించినది ఇంటివారి త్రాగుడును. తన త్రాగుడును తానే ఎదిరించు నామెకు ఊరేగింపులు లేవు. రోశమ్మ వెంట ఊరు నడచినది. ఈమె వెంట గుసగుసలు నడచును. అమెరికాలో మార్టీ మాన్ అను నామె 1939లో 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సంఘములో చేరినపుడు అది దాదాపు పురుషుల సంఘమే. ఆమె మానుకొని నిలిచి, మద్యవ్యసనము వ్యాధియని చాటుటకు 1944లో ఒక సంస్థను స్థాపించి, తన కథను పేరు దాచక చెప్పెను. ఆమె నోరు విప్పుట ఎందరో స్త్రీలకు దారియైనది.

సంకల్పమొక్కటే చాలునని ఉపదేశించుట ప్రమాదము. చిరకాలము విస్తారముగా త్రాగినవారు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛ, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును కలుగును. వైద్యుని పర్యవేక్షణలో మానవలెను. వ్యసన విముక్తికై 14446 అను ఉచిత టెలిఫోను సహాయము దేశమంతట కలదు. కాని సిగ్గుతో తలుపు మూసికొన్న యింటికి వైద్యుడు చేరలేడు. ఆ తలుపు తెరచునది ఇరుగుపొరుగు వారి మాట.

ఇచ్చట బడికిని పని యున్నది. మద్యపానమువలని కీడును గూర్చి వ్యాసము వ్రాయించుట సులభము. త్రాగినవారిని పరిహసించు హాస్యనాటిక ఆడించుట అంతకంటె సులభము. ఆ నవ్వుల నడుమ తల వంచుకొని కూర్చున్న బాలిక యొకతె ఉండవచ్చును. వాళ్ళమ్మ నెల దినములుగా ముట్టుకొనలేదని ఆ బాలికకు మాత్రమే తెలియును. ఆ మాట చెప్పిన, మెచ్చుకొనువారు లేరు.

జ్వరము తగ్గినవారిని 'కోలుకొన్నారు' అందుము. మానుకొన్న యామెకును ఆ మాటయే చాలును. క్రొత్త పదము కల్పింప నక్కరలేదు. ఉన్న పదమును ఆమెకు నిరాకరింపకున్న చాలును. అది తరగతిలో వినబడిననాడు, ఆ బాలిక తల యెత్తి కూర్చుండును.