ఖర్కాయికి ఇవతల జనరల్, అవతల ఎస్సీ
జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్‌లో పెరిగిన తెలుగు మాల అమ్మాయి డిగ్రీలో చేరబోతే చిక్కంతా దరఖాస్తులోని కులం గడి దగ్గరే. ఝార్ఖండ్ ఎస్సీ జాబితాలో మాల లేదు, మాదిగ లేదు, రెల్లి లేదు. తాత టాటా స్టీల్‌లో ఎన్నేళ్లు చెమటోడ్చినా, జంషెడ్‌పూర్ మహిళా విశ్వవిద్యాలయంలో ఆమె జనరల్. అదే ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్‌లోని ఎన్‌ఐటీకి వెళితే, అది కేంద్ర సంస్థ కాబట్టి, తండ్రికి శ్రీకాకుళంలో ఇచ్చిన పత్రంతో ఎస్సీ! రాజ్యాంగం 341వ అధికరణం కులాల జాబితాను రాష్ట్రాలవారీగా విడగొట్టింది. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు ఎస్టీ కోటాలో బొంబాయి మెడికల్ సీటు అడిగితే, వలస వెళ్లిన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ హోదా చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తేల్చేసింది. వెనుకబాటు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుందన్నది అందులోని తర్కం. నాకది మింగుడుపడదు. పొట్టకూటికి రైలెక్కిన మనిషి వెంట పేదరికమూ వస్తుంది, సాటి తెలుగువాళ్ల కులం చూపూ వస్తుంది. రక్షణ మాత్రం ఊళ్లోనే ఉండిపోవాలా? అమెరికాలో మిసిసిపీ వదిలి షికాగో చేరిన నల్లజాతి ఆడపిల్ల అక్కడా నల్లజాతి కిందే లెక్కకొస్తుంది. అందుకే నల్లజాతి విద్యార్థుల బ్యాచిలర్ డిగ్రీల్లో దాదాపు మూడింట రెండు వంతులు అమ్మాయిలవేనని వాళ్లు చెప్పగలుగుతున్నారు. మన దేశంలో 31.71 లక్షల మంది ఎస్సీ అమ్మాయిలు ఉన్నత విద్యలో ఉన్నారని 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే చెప్పింది. సంతోషమే. జనరల్‌గా చేరిన ఈ పిల్ల మాత్రం ఆ అంకెలో లేదు, ఝార్ఖండ్ ఎస్సీ ఉపకారవేతనమూ ఆమెకు రాదు. జాబితా మార్చాల్సింది పార్లమెంటు. ఆలోగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమైనా తన జిల్లాల నుంచి వెళ్లిన దళిత కుటుంబాల ఆడపిల్లల ఫీజు భరించాలి.