గవాహీకి గొళ్లెం

పాలస్తీనా పేరెత్తితే చాలు, 'ముందు నీ దేశం సంగతి చెప్పు' అంటారు. మనవాళ్లే అనుకున్న సెక్యులర్ మిత్రులేమో 'ఇరుపక్షాలూ సంయమనం పాటించాలి' అని పక్కకి తప్పుకుంటారు. సరే. ఆ ఇరుపక్షాల మధ్య కూర్చోబెట్టిన సాక్షి గురించే మాట్లాడుకుందాం.

1994 ఫిబ్రవరి 25. రంజాన్ నెల, శుక్రవారం. హెబ్రాన్‌లోని ఇబ్రహీమీ మసీదులో ఫజర్ నమాజు చేస్తున్న వాళ్ల మీద బరూఖ్ గోల్డ్‌స్టీన్ అనే సెటిలర్ తుపాకీ పేల్చాడు. 29 మందిని చంపాడు. కర్ఫ్యూ ఎవరికి? చచ్చినవాళ్ల జనానికే. మసీదుని రెండు ముక్కలు చేశారు. షుహదా వీధిని పాలస్తీనీయులకి మెల్లమెల్లగా మూసేశారు. షుహదా అంటే అమరులు.

లోకం ఏమిచ్చింది? పరిశీలకుల్నిచ్చింది. 1994లో వచ్చినవాళ్లు మూడు నెలలకే వెళ్లిపోయారు. 1997 నుంచి నార్వే, డెన్మార్క్, స్వీడన్, ఇటలీ, స్విట్జర్లాండ్, టర్కీల మనుషులు వచ్చారు. చేతిలో ఆయుధం లేదు. అడ్డుపడే అధికారం లేదు. చూడాలి, రాయాలి. రాసింది ఇరుపక్షాల అధికారులకీ, ఆ ఆరు దేశాల సర్కార్లకీ ఇవ్వాలి. జనానికి మాత్రం చూపకూడదు. 2002లో కాల్పుల్లో ఇద్దరు పరిశీలకులు ప్రాణాలే పోగొట్టుకున్నారు. తప్పు వాళ్లది కాదు. వాళ్ల గవాహీకి గొళ్లెం పెట్టినవాళ్లది.

'తాత్కాలిక' అని పేరు పెట్టి 22 ఏళ్లు నడిపారు. 2018 డిసెంబరులో ఒక లోపలి నివేదిక బయటికి పొక్కింది. ఇరవై ఏళ్లలో 40,000కి పైగా ఘటనలు రాసిపెట్టారట! నెలన్నర తిరక్కుండానే, 2019 జనవరిలో, ఇక గడువు పొడిగించేది లేదన్నాడు నెతన్యాహు. పరిశీలకులు మూటాముల్లె సర్దుకున్నారు. ఎవరి మీద నిఘా పెట్టారో వాళ్ల చేతికే తలుపు తాళం ఇస్తే జరిగేది ఇదే.

ఇది మతం గొడవ అంటారా? అయితే అచే చూడండి. ఇండోనేషియా సైన్యంలోనూ ఎక్కువమంది ముసల్మానులే, తిరగబడిన అచే గెరిల్లాలూ ముసల్మానులే. ముప్పై ఏళ్లు నెత్తురు పారింది. 2005 ఆగస్టులో హెల్సింకీలో ఒప్పందం. యూరప్, ఆసియాన్ దేశాల నుంచి నిరాయుధ పరిశీలకులు వచ్చారు. గెరిల్లాలు 840 తుపాకులు అప్పజెప్పారు. ఒక్కో విడత తుపాకులకి ఒక్కో విడత సైన్యం వెనక్కి. తగవొస్తే తీర్పు చెప్పే అధికారం ఆ మిషన్ పెద్దకి ఒప్పందంలోనే రాసిచ్చారు. అందుకే 2006 డిసెంబరుకి పని ముగించుకుని వెళ్లగలిగారు. అక్కడా చచ్చినవాళ్ల లెక్క తేలలేదు. ఒప్పందంలో రాసుకున్న సత్యశోధన కమిషన్ పుట్టడానికి 2016 దాకా ఆగాల్సొచ్చింది. తుపాకీ మూగబోవడం శాంతిలో సగమే.

మన ఊళ్లల్లోనూ గొడవ చల్లారగానే శాంతి కమిటీ వేస్తారు. దండలేస్తారు, చాయ్ పోస్తారు. ఎవడు కొట్టాడో, ఎవడు చచ్చాడో అడిగితే 'గాయాలు కెలక్కండి' అంటారు. హెబ్రాన్ మాకు అర్థం కావడానికి కల్మా ఒక్కటే కారణం కాదు. ఇది కూడా.

అరబ్బీలో సాక్షి షాహిద్. అమరుడు షహీద్. రెండు మాటలకీ వేరు ఒక్కటే. సాక్షి నోరు కట్టేసిన చోట అమరులే మిగులుతారు.

ఇకమీదట ఎక్కడ పరిశీలకుల్ని పంపినా మూడు ప్రశ్నలడగండి. రాసింది ఎవరు చదువుతారు? తగవు ఎవరు తీరుస్తారు? వాళ్లని వెళ్లగొట్టే హక్కు ఎవరిది? జవాబు దెబ్బ తిన్నవాడి వైపు లేకపోతే దాన్ని శాంతి అని మాత్రం పిలవకండి.