మారియో వెనుక ఉన్నది సంస్కృతి కాదు, ఆట

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ ముగింపు వేడుకలో, తర్వాతి క్రీడలకు ఆతిథ్యమిచ్చే జపాన్ తరఫున ఆ దేశ ప్రధాని షింజో అబే మారియో వేషంలో వచ్చారు. తన దేశాన్ని ప్రపంచానికి పరిచయం చేయడానికి సమురాయ్‌ని కాక ఒక వీడియో గేమ్ పాత్రను ఎంచుకున్నారు. ఇందులో మనం గమనించని విషయం ఒకటుంది. మారియో జపానీయుడు కాదు. పేరు ఇటలీది, వృత్తి ప్లంబింగ్. జపాన్ పురాణాలకూ అతనికీ ఏ సంబంధమూ లేదు. అయినా జపాన్ సాఫ్ట్ పవర్‌కు గుర్తుగా నిలిచింది అతనే.

సాఫ్ట్ పవర్ మీద వ్యాసం రాసేటప్పుడు మనం యోగా, సినిమా, అనిమే, కె-పాప్ అంటూ జాబితా ఇస్తాం. అవి ఎందుకు ఆకర్షిస్తాయన్న ప్రశ్న దగ్గరకు వెళ్లం. జపాన్ ఆటల ఆకర్షణను ఆ దేశ సంస్కృతికి ఆపాదించడం తేలిక. నా అభిప్రాయంలో అసలు కారణం వేరు. అక్కడి మంచి ఆటలు కథ కంటే, దృశ్యం కంటే ముందు ఆట నియమాన్ని ఆలోచించాయి.

రెండు దారులు

వీడియో గేమ్ వ్యాపారానికి ఊపు వచ్చింది అమెరికాలోనే. అటారీ సంస్థ 1972లో 'పాంగ్' తెచ్చింది. నాసిరకం ఆటలు మార్కెట్‌ను ముంచెత్తడంతో 1983లో అక్కడి పరిశ్రమ కుప్పకూలింది. ఆ తర్వాత అమెరికన్ ఆటల్లో ముఖ్యమైనవి చాలావరకు పర్సనల్ కంప్యూటర్ మీద పుట్టాయి. 'సిమ్‌సిటీ' (1989) నగర పాలనను, 'సివిలైజేషన్' (1991) మానవ చరిత్రను తెరమీదికి తెచ్చాయి. అక్కడి నుంచి 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' వరకు, స్వీడన్‌లో పుట్టిన 'మైన్‌క్రాఫ్ట్' వరకు పాశ్చాత్య ఆటల బలం ఒక్కటే. అవి ఆటగాడికి ఒక ప్రపంచాన్ని అప్పగించి 'నీ ఇష్టం' అంటాయి.

జపాన్ దారి ఆర్కేడ్ల నుంచి, బొమ్మల కంపెనీల నుంచి వచ్చింది. 'స్పేస్ ఇన్వేడర్స్' (1978), 'ప్యాక్‌మ్యాన్' (1980) నాణెం వేసి ఆడే ఆటలు. అలాంటి ఆట అర నిమిషంలో అర్థం కాకపోతే రెండో నాణెం పడదు. నింటెండో 1889లో క్యోటోలో పేకముక్కల తయారీతో మొదలైన సంస్థ. పేకముక్కల్లో బొమ్మలు ఎంత అందంగా ఉన్నా ఆట రక్తి కట్టించేది నియమమే.

'సూపర్ మారియో బ్రదర్స్' (1985) మొదటి దృశ్యమే దీనికి ఉదాహరణ. తెరమీద సూచనలేవీ ఉండవు. కుడివైపు నుంచి ఒక చిన్న శత్రువు నడిచి వస్తుంది. గెంతకపోతే ప్రాణం పోతుంది, ఆట మళ్లీ మొదటికి వస్తుంది. ఈసారి గెంతుతాం. ఆ గెంతులో తల పైనున్న పెట్టెకు తగిలితే నాణెమో పుట్టగొడుగో బయటికొస్తుంది. భాష రాని పిల్లవాడికైనా నిమిషంలో ఆట వచ్చేస్తుంది. ప్రపంచమంతా ఆడిందంటే అందుకే.

పరిమితే పెట్టుబడి

రెండో కారణం, లోటును వాడుకోవడం. నింటెండో ఇంజినీరు గున్‌పే యోకోయ్ సిద్ధాంతం ఏమిటంటే, అందరూ వాడి పాతబడి చవకైన సాంకేతికతకు కొత్త ఉపయోగం వెతకాలి. 1989లో ఆయన బృందం తెచ్చిన 'గేమ్ బాయ్'కి రంగుల తెర కూడా లేదు. అదే ఏడాది అటారీ రంగుల తెరతో 'లింక్స్' తెచ్చింది. లింక్స్ ఆరు బ్యాటరీలను నాలుగైదు గంటల్లో తాగేసేది. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది, ధర కూడా తక్కువ. లింక్స్ మార్కెట్లో నిలవలేదు. గేమ్ బాయ్, దాని తర్వాతి రంగుల రూపంతో కలిపి, దాదాపు 11.87 కోట్లు అమ్ముడైంది. 2017లో వచ్చిన 'స్విచ్' కూడా శక్తిలో ప్రత్యర్థుల కంటే వెనుకే ఉండి అమ్మకాల్లో ముందుకెళ్లింది.

అభ్యంతరాలు

ఈ వాదనను గీత గీసినట్టు తీసుకోకూడదు. గేమ్ బాయ్‌ని ఇంటింటికీ చేర్చిన 'టెట్రిస్' మాస్కోలో పుట్టింది. జపాన్‌లో ఇంటిపేరులా మారిన 'డ్రాగన్ క్వెస్ట్' (1986) రూపకర్త యూజీ హోరీకి ప్రేరణ 'విజర్డ్రీ', 'అల్టిమా' అనే అమెరికన్ ఆటలు. నియమమే ప్రాణంగా నడిచే 'పోర్టల్' (2007) అమెరికాది. అంటే ఇది రక్తంలో ఉండే గుణం కాదు, నేర్చుకోగల పద్ధతి.

జపాన్ ఎప్పుడూ గెలవలేదు కూడా. తయారీ ఖర్చులు విపరీతంగా పెరిగిన 2010 ప్రాంతంలో చాలా జపాన్ సంస్థలు వెనుకబడ్డాయి. మళ్లీ లేచింది పాశ్చాత్యుల విశాల ప్రపంచాన్ని తమ నియమ క్రమశిక్షణతో కలిపినప్పుడే. 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' (2017), 'ఎల్డెన్ రింగ్' (2022) ఆ కలయిక ఫలాలు. మరోవైపు, డబ్బు కట్టి అదృష్టం పరీక్షించుకునే 'గాచా' పద్ధతి విస్తరించిందీ జపాన్‌లోనే. అందులో ఒక రకాన్ని 2012లో అక్కడి వినియోగదారుల వ్యవహారాల సంస్థ చట్టవిరుద్ధంగా పరిగణించాల్సి వచ్చింది. నియమంతో మనిషిని ఆనందపెట్టవచ్చు, అదే నియమంతో బానిసనూ చేయవచ్చు.

మన విధానానికి పాఠం

జపాన్ ప్రభుత్వం 2013లో 'కూల్ జపాన్ ఫండ్' పెట్టి సంస్కృతి ఎగుమతికి నిధులిచ్చింది. ఆ నిధి భారీ నష్టాలు మూటగట్టుకుంది. మారియో, పోకెమాన్ ప్రపంచాన్ని గెలిచింది అంతకు ఎంతో ముందు, ఆ నిధి ఊసే లేనప్పుడు.

మన దేశంలో 2022-23 బడ్జెట్‌లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగానికి టాస్క్‌ఫోర్స్ ప్రకటించారు. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, సోషల్ గేమ్స్‌ను ప్రోత్సహిస్తామంది. ఏది వద్దో చట్టం తేల్చింది. ఏది కావాలన్న చర్చ మాత్రం చాలాసార్లు 'మన పురాణాలతో ఆటలు చేద్దాం' దగ్గరే ఆగిపోతోంది. పుణెలో తయారైన 'రాజీ' (2020) లాంటి ప్రయత్నాలు అభినందనీయమే. కానీ పురాణం ఆటకు వేషం అవుతుంది, ఆట కాదు.

నియమాల సృష్టి మనకు కొత్తేమీ కాదు. పులి-మేక ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు. బలం ఒకవైపు, సంఖ్య మరోవైపు. నేలమీద సుద్దతో గీస్తే చాలు, ఏ కథా చెప్పకుండానే ఆట నడుస్తుంది. వైకుంఠపాళి ఇంగ్లండ్ చేరి పాములు-నిచ్చెనలైంది. అక్కడ వైకుంఠం మిగల్లేదు, నియమం మిగిలింది. సరిహద్దు దాటేది ఏమిటో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

కాబట్టి ప్రభుత్వ సాయం పెద్ద గ్రాఫిక్స్ స్టూడియోలకే కాక, నలుగురైదుగురు కలిసి చేసే చిన్న ప్రయోగాలకూ అందాలి. విఫలమైన ప్రయోగాన్ని వృథా ఖర్చుగా రాసేయకూడదు. డిజైన్ కళాశాలల్లో సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆట రూపకల్పనను ఒక శాస్త్రంగా నేర్పాలి. యాప్ లోపలి కొనుగోళ్లపై పిల్లల రక్షణకు స్పష్టమైన నిబంధనలు ఉండాలి. పరీక్షలో సాఫ్ట్ పవర్ మీద ప్రశ్న వస్తే, మన దగ్గర ఏముందో చెప్పే జాబితాతో ఆగవద్దు. మన సంస్కృతి గురించి ఏమీ తెలియని విదేశీ పిల్లవాడు మనం తయారుచేసిన దాన్ని రెండోసారి ఎందుకు ముట్టుకుంటాడో రాయండి. విధానం మొదలు కావాల్సిందీ అక్కడే.