ఎగువకు వాటా దక్కితేనే చెరువుకు ఆయువు

దేశంలో జలవనరుల తొలి గణన నివేదిక 2023లో వెలువడింది. చెరువులు, కుంటలు, సరస్సులు, జలాశయాలు, చెక్‌డ్యాములు అన్నీ కలిపి 24,24,540 ఉన్నట్లు ఆ నివేదిక లెక్క తేల్చింది. వాటిలో 97 శాతం పల్లెసీమలలోనివే. దాదాపు 16 శాతం ఏ ఉపయోగానికీ నోచుకోకుండా పడి ఉన్నాయి. ఎండిపోవడం, పూడిక పేరుకుపోవడం, కట్టడాలు వెలియడం, నీరు ఉప్పుబారడం ఇందుకు కారణాలుగా పేర్కొన్నారు. మరో 38,496 జలవనరులు ఆక్రమణల పాలైనట్లు ప్రభుత్వమే అంగీకరించింది. ఇన్ని లక్షల చెరువులను రాజధానుల్లోని సచివాలయాలు కాపాడజాలవన్నది ఈ అంకెలు చూసిన వారెవరికైనా బోధపడుతుంది. కాపాడగలిగినవారు ఆ చెరువుల ఒడ్డునే ఉన్నారు. వారికి ఆ అధికారం, ఆ అవసరం, అందులో లాభం ఏ మేరకు మిగిల్చారన్నదే అసలు ప్రశ్న.

చెరువుల పథకం ఏదైనా ప్రభుత్వ పత్రాలలో ‘ప్రజల భాగస్వామ్యం’ అన్న మాట తప్పక కనిపిస్తుంది. ఆచరణలో ఆ మాటకు అర్థం శంకుస్థాపన నాడు జనాన్ని పోగుచేయడం, గ్రామసభ తీర్మానంపై సంతకాలు తీసుకోవడం, వీలైతే నాలుగు తట్టల మట్టి ఎత్తించడం వరకే పరిమితమవుతున్నది. కాంట్రాక్టరు పూడిక తీస్తాడు, ఇంజనీరు కొలత రాస్తాడు, బిల్లు చెల్లుతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి చెరువు మళ్ళీ మొదటికి వస్తుంది. ఇల్లలకగానే పండుగ కాదన్న సామెత మన చెరువుల విషయంలో ఏటా రుజువవుతున్నది. మరమ్మతు చేసిన చేయి, నీరు వాడుకునే చేయి వేర్వేరైనప్పుడు జరిగేది ఇదే. ఈ సత్యాన్ని అర్ధ శతాబ్దంగా బోధిస్తున్న చెరువు ఒకటి ఉత్తరాదిన ఉన్నది. అది చండీగఢ్‌లోని సుఖ్‌నా సరస్సు.

సుఖ్‌నా ప్రకృతి ప్రసాదించినది కాదు. కొత్త రాజధానిగా చండీగఢ్‌ను నిర్మిస్తున్న రోజులలో, శివాలిక్ కొండల నుంచి దిగివచ్చే వాగుకు 1958లో అడ్డుకట్ట వేసి ఈ జలాశయాన్ని రూపొందించారు. నగరానికి చల్లదనాన్ని, పౌరులకు ప్రశాంతతను, వలస పక్షులకు విడిదిని ఇవ్వాలన్నది నిర్మాతల సంకల్పం. అయితే శివాలిక్ కొండలు గట్టి రాతి కొండలు కావు. చెట్టూ గడ్డీ తొలగిపోతే చాలు, ఒక్క జడివానకే మన్ను కరిగి వాగుపాలవుతుంది. మేకల మేతకు, వంటచెరకుకు ఆ కొండలు అప్పటికే బోడులైనాయి. ఫలితంగా రెండు దశాబ్దాలు నిండక ముందే సరస్సు తన నిల్వ సామర్థ్యంలో సగానికి పైగా పూడికకు అర్పించుకున్నది. నగరపాలకులు పూడిక తీయించేకొద్దీ కొండలు మరింత మట్టిని పంపుతూ వచ్చాయి. ఖర్చు పెరిగింది గాని చెరువు లోతు పెరగలేదు.

రోగం కింద కాదు, పైన ఉన్నదని గుర్తించినవారు కేంద్ర భూ, జల సంరక్షణ పరిశోధన, శిక్షణ సంస్థ శాస్త్రవేత్తలు. ఆ సంస్థ చండీగఢ్ కేంద్రానికి నాయకత్వం వహించిన పి.ఆర్. మిశ్రా, 1970వ దశకం మధ్యలో మట్టి ఎక్కడినుంచి వస్తున్నదో వెదుకుతూ కొండలెక్కారు. పరివాహక ప్రాంతమంతటా మట్టి సమానంగా కోసుకుపోవడం లేదని, కొద్దిపాటి చోట్ల నుంచే అధిక భాగం వస్తున్నదని తేలింది. వాటిలో ఒకటి ప్రస్తుతం హర్యానాలోని పంచ్‌కులా జిల్లాలో ఉన్న సుఖోమాజ్రీ అనే చిన్న పల్లె. అక్కడివారు ప్రధానంగా పశువులపై, వానపై ఆధారపడి బతికే గుజ్జర్లు. కొండపై మేకలను మేపవద్దని వారికి చెప్పడం సులువు. మేపకపోతే ఏం తినాలో చెప్పడమే కష్టం. నగరవాసుల పడవ షికారు కోసం తమ మేకలను అమ్ముకోవాలన్న నీతిబోధ పల్లెవాసులకు రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

శాస్త్రవేత్తలు 1976లో అక్కడ ఒక చిన్న మట్టికట్ట కట్టారు. వారి ఉద్దేశం మట్టిని ఆపడమే. కాని వాన నీరు ఆ కట్ట వెనుక నిలిచింది. ఎండిపోబోయిన పైరుకు ఆ నీరు ప్రాణం పోసింది. కొండను కాపాడితే కట్ట పూడదు, కట్ట పూడకుంటే పంట దక్కుతుందన్న లెక్క రైతులకు ఎవరూ ఉపన్యాసం చెప్పనవసరం లేకుండానే అర్థమైంది. కాని ఆ లెక్కలో ఒక లోపం మిగిలిపోయింది. భూమి ఉన్నవాడికి నీరు దక్కుతుంది సరే, భూమి లేనివాడు కొండపై మేపు మానుకున్నందుకు అతడికి దక్కేదేమిటి? ఆ ఒక్క కుటుంబం సహకరించకపోయినా కొండకు రక్షణ ఉండదు. ఎంత కాపలా పెట్టినా, ఎన్ని ముళ్ళకంపలు నాటినా ప్రయోజనం శూన్యం.

సుఖోమాజ్రీ ఇచ్చిన జవాబు భారత గ్రామీణ చరిత్రలో చిరస్మరణీయమైనది. కట్టలో నిలిచిన నీటిలో భూమి ఉన్నా లేకున్నా ప్రతి కుటుంబానికీ సమాన వాటా ఉండాలని గ్రామం నిర్ణయించింది. భూమి లేనివాడు తన వాటాను భూమి ఉన్నవాడికి అమ్ముకోవచ్చు, లేదా పాలికి ఇచ్చి పంటలో భాగం పొందవచ్చు. ఇందుకు ప్రతిఫలంగా కొండపై విచ్చలవిడి మేపును అందరూ మానుకోవాలి. గ్రామస్థులు తమలో తాము ఒక సంఘంగా ఏర్పడి నీటిని పంచుకున్నారు, రుసుం వసూలు చేసుకున్నారు, కట్టలను తామే చూసుకున్నారు. ముళ్ళకంచె లేకుండా మాటకు కట్టుబడి కొండను కాపాడుకున్న ఈ పద్ధతికే ‘సామాజిక కంచె’ అని పేరు వచ్చింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెతను ఆ పల్లె అబద్ధం చేసింది. ఉమ్మడి ఆస్తి నశించేది అది ఉమ్మడిది కావడం వల్ల కాదు, అందులో ఎవరి వాటా ఎంతో తేలకపోవడం వల్లనేనని నిరూపించింది.

ఫలితాలు కళ్ళెదుట నిలిచాయి. 1976లో హెక్టారుకు 13 చెట్లున్న ఆ కొండపై 1992 నాటికి 1,272 చెట్లు నిలిచాయి. మేకల స్థానంలో గేదెలు వచ్చాయి, పాల రాబడి పెరిగింది. తాళ్ళకు, కాగితపు గుజ్జుకు పనికివచ్చే భాబర్ గడ్డి కొండపై విరివిగా పెరిగింది. అంతకు ముందు ఆ గడ్డిని కాంట్రాక్టర్లు అటవీశాఖ వేలంలో పాడుకునేవారు. ఆ హక్కును గ్రామ సంఘం పొందడంతో ఊరికి నికరాదాయం ఏర్పడింది. దిగువన సుఖ్‌నాకు చేరే మట్టి ఆ వైపు నుంచి గణనీయంగా తగ్గిపోయింది. నగరం ఏటా పూడికతీతకు వెచ్చించవలసిన సొమ్ము ఆ మేరకు మిగిలింది. ఒక చెరువు బాగుకు ఒడ్డున చేసే పనికన్నా కొండమీద చేసే పనే చౌక అని, ఆ పని చేయగలిగినవారు కొండ ప్రజలేనని ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇంతటి విజయాన్ని ప్రభుత్వం ఎలా ఆదరించింది? గడ్డిపై వచ్చే రాబడిలో అటవీశాఖ వాటా ఎంత, గ్రామం వాటా ఎంత అన్న పేచీ సంవత్సరాల తరబడి నడిచింది. పాడుబడిన కొండను బాగుచేసుకుని సంపాదించిన ఆదాయంపై ఆదాయపు పన్ను కట్టవలసి వచ్చిన తొలి గ్రామంగా సుఖోమాజ్రీ పేరొందడం ఈ కథలోని విషాద హాస్యం. బోడికొండకు లేని యజమాని కొండ పచ్చబడగానే ప్రత్యక్షం కావడం మన పరిపాలనలో కొత్త కాదు. ప్రజలు కష్టపడితే సర్కారు పంచుకోవడానికి వస్తుందన్న అభిప్రాయం బలపడితే ఏ సంఘమైనా నీరసించక తప్పదు. తరువాతి దశాబ్దాలలో కొన్ని కట్టలు పూడిపోవడం, యువతరం నగర ఉద్యోగాల వైపు మళ్ళడం, సంఘం పట్టు సడలడం ఈ క్రమంలో చోటుచేసుకున్నవే. గ్రామ సంఘాన్ని పుట్టించడం ఒక ఎత్తు, దాని హక్కును చట్టబద్ధం చేసి నిలబెట్టడం మరొక ఎత్తు. మొదటిది శాస్త్రవేత్తలు చేశారు. రెండవది చేయవలసిన ప్రభుత్వం చేయలేదు.

మరోవైపు సుఖ్‌నా కథ ఇంకో మలుపు తిరిగింది. మట్టిని ఆపడానికి చెక్‌డ్యాములు మంచివని తెలిశాక అటవీశాఖ పరివాహక ప్రాంతంలో వాటిని పెద్దసంఖ్యలో కట్టుకుంటూ పోయింది. మట్టి ఆగింది గాని, దానితో పాటు నీరూ ఆగిందన్న విమర్శ వచ్చింది. 2012 వేసవిలో సరస్సు చాలా భాగం ఎండి నేల బీటలు వారినప్పుడు నగరం నివ్వెరపోయింది. అదే సమయంలో పంజాబ్, హర్యానా, చండీగఢ్‌ల నడుమ చీలి ఉన్న సుమారు 42 చదరపు కిలోమీటర్ల పరివాహక ప్రాంతంలో ఇళ్ళు, వ్యాపార కట్టడాలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2009లో తనంత తానుగా విచారణ చేపట్టిన పంజాబ్, హర్యానా హైకోర్టు 2020 మార్చి 2న తీర్పు చెబుతూ సుఖ్‌నాను హక్కులు గల జీవసత్తాగా ప్రకటించింది. పరివాహకంలోని అక్రమ కట్టడాలను తొలగించాలని, రెండు రాష్ట్రాలూ చెరి 100 కోట్ల రూపాయల నష్టపరిహారం చెల్లించాలని ఆదేశించింది. చెరువుకు ప్రాణమున్నదని న్యాయస్థానం చెప్పవలసి రావడమే పాలకుల వైఫల్యానికి అభిశంసన. అయితే చెరువుకు వ్యక్తిత్వం ఇచ్చినంత మాత్రాన ఎగువన మట్టిని ఆపే చేతులు పుట్టుకురావు. ఆ పని తీర్పులది కాదు, ఊళ్ళది.

చండీగఢ్ పౌరులు చేతులు ముడుచుకుని కూర్చోలేదని కూడా చెప్పాలి. వేసవిలో నీరు తగ్గినప్పుడు విద్యార్థులు, ఉద్యోగులు, గృహిణులు పలుగూ పారా పట్టి సరస్సు అడుగున పూడిక తీసిన శ్రమదానాలు ఆ నగర చరిత్రలో భాగం. ఆ సంకల్పం శ్లాఘనీయం. కాని వేలమంది తట్టలతో తీసిన మట్టిని ఒక్క తుపాను రాత్రి కొండలు తిరిగి పంపగలవు. శ్రమదానం అభిమానాన్ని పెంచుతుంది, అధికారాన్ని ఇవ్వదు. నగరవాసి చెమటోడ్చడం కన్నా, తాను అనుభవించే చెరువుకు ఎగువన ఉన్న పల్లెవాసికి న్యాయమైన ప్రతిఫలం చెల్లించడానికి సిద్ధపడటం ఎక్కువ ఫలితమిచ్చే భాగస్వామ్యం.

తెలుగు నేలకు ఈ పాఠం కొత్తది కాదు, మరచిపోయినది. చెరువును తవ్వించి కాపాడినవారికి ఆయకట్టులో భూమినో, ఫలసాయంలో భాగాన్నో ఇచ్చిన దశబంధం మాన్యాలు ఒకనాడు రాయలసీమలో విరివిగా ఉండేవి. నీటిని వంతులవారీగా పంచి, తూము కాసి, కట్టకు గండి పడకుండా చూసే నీరుగంటికి, నీరటికి పంటలో వాటా ఉండేది. ఆ ఏర్పాట్లలో కులమూ హోదా తెచ్చిన అన్యాయాలు లేవని కాదు. కాని చెరువు బాగోగులకు ఒక మనిషి బతుకు ముడిపడి ఉండేది. వలసపాలనలో చెరువులు సర్కారు పద్దులోకి చేరిన కొద్దీ ఆ ముడి విడిపోతూ వచ్చింది. దానిని తిరిగి వేయడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో రైతుల చేత సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం తెచ్చి, పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపింది. దేశమంతా ఆసక్తిగా చూసిన సంస్కరణ అది. నిధులు, విధులు పూర్తిగా బదిలీ కాకపోవడంతో, ఎన్నికలు వాయిదాలు పడటంతో ఆ స్ఫూర్తి క్రమంగా నీరుగారిపోయింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 46 వేల చెరువుల పునరుద్ధరణ లక్ష్యంతో మిషన్ కాకతీయ చేపట్టింది. పూడిక మట్టిని పొలాలకు తోలుకున్న రైతులకు భూసారం రూపంలో లాభం కలిగింది. కాని పూడిక తీసిన తరువాత ఆ చెరువు ఎవరి సంరక్షణలో ఉంటుందన్న ప్రశ్నకు తగిన జవాబు అక్కడా లభించలేదు. 2022లో కేంద్రం ప్రకటించిన అమృత్ సరోవర్ పథకానిదీ అదే పరీక్ష. జిల్లాకు 75 చెరువులన్న సంఖ్య పూర్తికావడం కాదు, పదేళ్ళ తరువాత వాటిలో ఎన్ని నిండుగా ఉంటాయన్నదే కొలమానం కావాలి.

గ్రామ సంఘాలకు అప్పగిస్తే పెత్తందార్లు, ముఠాలు చెరువులను మింగేస్తాయన్న భయం అకారణం కాదు. కాని శాఖల చేతిలో ఉన్నప్పుడే 38 వేలకు పైగా జలవనరులు ఆక్రమణకు గురైనాయి కదా! గ్రామ ఉమ్మడి భూములను, చెరువులను కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో, తిరిగి 2011లో స్పష్టంగా చెప్పవలసి వచ్చింది. పెత్తందారీతనానికి విరుగుడు సర్కారు పెత్తనం కాదు, నిరుపేదకు సమాన వాటా. సుఖోమాజ్రీలో కొండకు కాపలా కాసింది పెద్దరైతు ఔదార్యం కాదు, భూమిలేని కుటుంబానికి దక్కిన నీటి హక్కు.

కాబట్టి చేయవలసినదేమిటో అస్పష్టంగా లేదు. చెరువు అంటే నీరు నిలిచే గుంత మాత్రమే కాదని, దానికి నీటిని పంపే వాగులు, వాలు భూములతో సహా హద్దులు గుర్తించి రికార్డులకెక్కించాలి. నీటిలో, గడ్డిలో, చేపలలో, పూడిక మట్టిలో ప్రతి కుటుంబం వాటా రాతపూర్వకంగా తేల్చాలి. మరమ్మతుల నిధి సంఘం ఖాతాకే చేరాలి, ఖర్చు గ్రామసభ ముందు చదివి వినిపించాలి. ఎగువ పల్లె వల్ల దిగువ పట్టణం మిగుల్చుకునే సొమ్ములో ఒక భాగం ఆ పల్లెకు ఏటా చెల్లించే విధానం రావాలి. ఎగువన ఎంత నీరు ఆపాలో, దిగువకు ఎంత వదలాలో ఇరుపక్షాలూ కూర్చుని నిర్ణయించుకునే వేదిక ఉండాలి. అది లేనందువల్లనే సుఖ్‌నా ఒకప్పుడు మట్టితో నిండి, మరొకప్పుడు నీరు లేక ఎండింది.

నీరు పల్లమెరుగుతుందంటారు. దాని వల్ల కలిగే లాభం కూడా పల్లానికే పరుగెత్తుతుంటే, మెరకనున్నవాడు కొండను కాయవలసిన అవసరం ఏమున్నది? ఆ లాభంలో కొంత భాగాన్ని ఎదురెక్కించగలిగిన నాడే చెరువులు నిండుతాయి. ఆ పని చేయకుండా ఎన్ని కోట్లతో పూడిక తీసినా, అది వచ్చే వానాకాలానికి తెచ్చుకునే అప్పే అవుతుంది.